కొమ్మమీది నురుగు గూడు

కప్ప నీటిలో గ్రుడ్లు పెట్టునని మనము చిన్ననాడే చదివితిమి. జపానుదేశపు కప్ప యొకటి ఈ పాఠమును తిరుగవ్రాసినది. అది చెట్టెక్కి, మడుగుపైకి వంగిన కొమ్మను వెదకి, ఆకుల నడుమ నురుగుతో గూడు కట్టి, అందు గ్రుడ్లుంచును. జపానీయులు దానిని ‘మొరియావోగయేరు’ అందురు. మొరి యనగా అడవి, ఆవో యనగా పచ్చనిది, కయేరు కప్ప. సమాసమున కకారము గకారమైనది. మన గసడదవాదేశము జ్ఞప్తికి వచ్చుటలేదా?

హోన్షూ, సాదో ద్వీపముల యడవులు దీని నెలవులు. ఆడుది ఆఱు మొదలు ఎనిమిది సెంటీమీటర్ల పొడవుండును. మగది అంతకంటె చిన్నది. వెన్ను ఆకుపచ్చన. కొన్నింటికి గోధుమవన్నె మచ్చలుండును. వ్రేళ్ల కొనలయందలి గుండ్రని బిళ్లలు కొమ్మను పట్టి విడువవు. దీనిని బోలిన ష్లెగెల్ కప్ప కూడ అచ్చట కలదు. కంటిని చూచి పోల్చుకొనవలెను: దాని కన్ను పసుపు, దీని కన్ను ఎఱుపు గలిసిన గోధుమవన్నె. ష్లెగెల్ కప్పయు నురుగు గూడే కట్టును గాని, గట్టు మట్టిలో దాచును.

ఏప్రిల్ మొదలు జూలై వఱకు గ్రుడ్లు పెట్టు కాలము. మగకప్పను వీపున మోయుచు ఆడుది కొమ్మ చేరును. ఇతర మగకప్పలును వచ్చి చుట్టు మూగును. ఆడుది తన దేహమునుండి వెలువడు ద్రవమును వెనుకకాళ్లతో చిలుకును. కవ్వము క్రింద మజ్జిగవలె అది నురగలు గట్టును. ఒక్కొక్క గూట మూడువందలకు పైగా గ్రుడ్లుండును. పైపొర గాలికి ఎండి గట్టిపడును. లోపల చెమ్మ నిలుచును. నీటిలో తిరుగు శత్రువులకు గ్రుడ్లు అందవు. మన తెలుగునాటి చెట్టుకప్పయు వానకాలమున ఇట్టి నురుగే కట్టును. కుంటల యంచున వెదకిన విద్యార్థులకు కనబడవచ్చును.

ఒకటి రెండు వారములకు తోకకప్పలు వెలువడును. వాన పడి నురుగు కరుగగా అవి ఒకటొకటిగా మడుగులోనికి జాఱును. అచ్చట అపాయము పొంచియుండును. న్యూటు అను ఎఱ్ఱపొట్ట జంతువులు, గూడు జాడ తెలిసినట్లే, సరిగా దాని క్రిందనే చేరి పడినదానిని పడినట్లు మ్రింగును. మఱియొక చిక్కు కలదు. కొమ్మ నీటిపైకి వంగియుండవలెను. క్రింద నీరు నిలిచియుండవలెను. చెట్టును నఱికినను, మడుగు ఎండినను ఆ యేటి సంతానము దక్కదు.

అందుచేతనే కాబోలు, ఫుకుషిమా మండలమున కవావుచి గ్రామపు కొండమీది హెబుసు మడుగును జపాను ప్రభుత్వము 1941లో ఈ కప్ప గ్రుడ్లు పెట్టు తావుగా, సహజ స్మారకముగా ప్రకటించినది. కప్పలపై కవితలల్లి పేరుగన్న కుసానో షింపేయి (1903–1988) ఈ కప్పను చూడగోరి ఆ యూరికి వచ్చెను. గ్రామస్థులు 1960లో ఆయనను గౌరవ గ్రామీణునిగా చేసికొని, ఏటేట నూఱు బస్తాల బొగ్గులు కానుకగా నిచ్చిరి. ఆయన తన గ్రంథములను వారికి ఒసగెను. వానికై 1966లో వెలసిన గ్రంథాలయము ఆ యూర నేటికిని ఉన్నది. 2011 మార్చిలో అణువిద్యుత్కేంద్ర ప్రమాదమువలన గ్రామస్థులు ఊరు విడువవలసివచ్చెను. మరుసటియేడు జనవరిలో గ్రామాధ్యక్షుడు, రాగలవారు రండని పిలిచెను.