బహుళ అంతస్తుల భవనాల్లో అగ్నిప్రమాదాలు – అగ్నిమాపక దళాల కార్యవిధానం: గోదావరి డెల్టా పట్టణాలకు అన్వయం

వ్యాససంగ్రహం:
బహుళ అంతస్తుల భవనంలో నిప్పు రేగినప్పుడు అగ్నిమాపక దళం ఏ క్రమంలో పనిచేస్తుంది, ఆ పనికి ఎక్కడ అవరోధం ఏర్పడుతుంది అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. 2020–2025 సంవత్సరాల మధ్య విజయవాడ, సికింద్రాబాదు, హైదరాబాదుల్లో జరిగిన ఐదు దుర్ఘటనలను పరిశీలించి, ప్రాణనష్టాన్ని నిర్ణయిస్తున్నది భవనం ఎత్తు కంటే కిందికి దిగే దారేనని ప్రతిపాదిస్తుంది. ఆ ప్రతిపాదనను రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురం వంటి డెల్టా పట్టణాలకు అన్వయిస్తుంది.

కీలకపదాలు: అగ్నిమాపక దళం, బహుళ అంతస్తుల భవనం, మెట్లదారి, పొగ, గోదావరి డెల్టా, భద్రతా భాష.

1. ప్రవేశిక:
గోదావరి డెల్టా ప్రజలకు తెలిసిన నిప్పు నేలమీద పాకే నిప్పు. ఎండాకాలంలో వడగాలి తోడై ఒక తాటాకింటి నుంచి మరో ఇంటికి మంట అంటుకోవడం, ఊరివాళ్ళు కాలువ నుంచి బిందెలతో నీళ్ళు అందించడం తరతరాల అనుభవం. ఆ తరువాతి కాలంలో సహజవాయువు వల్ల మరో రకం మంట పరిచయమైంది. 1995 జనవరిలో పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ బావి నుంచి ఎగసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ గొట్టపుమార్గం పేలి అనేకుల ప్రాణాలు తీసింది.

గత మూడు దశాబ్దాల్లో డెల్టా పట్టణాల రూపం మారింది. పెంకుటిళ్ళ స్థానంలో స్టిల్టుపై లేచిన అపార్టుమెంట్లు, ఆసుపత్రులు, లాడ్జీలు, విద్యార్థుల హాస్టళ్ళు, పలు అంతస్తుల వస్త్రదుకాణాలు వచ్చాయి. ఇక్కడ నిప్పు పక్కకు పాకడం కన్నా పైకి ఎగబాకడమే ఎక్కువ ప్రమాదకరం. ఈ మార్పుకు తగిన అవగాహన సమాజంలో ఏర్పడిందా అన్నది పరిశీలించవలసిన విషయం.

2. చట్టం దృష్టిలో ఎత్తు:
జాతీయ భవన నిర్మాణ స్మృతి (2016) నాలుగో భాగం అగ్నిభద్రతకు సంబంధించినది. దాని ప్రకారం 15 మీటర్లు, అంతకు మించిన ఎత్తున్న భవనం ఎత్తైన భవనం. ఆంధ్రప్రదేశ్‌లో అగ్నిమాపక సేవల చట్టం 1999 నుంచి అమల్లో ఉంది. రాష్ట్ర నిబంధనల్లో సాధారణంగా నివాస భవనాలకు 18 మీటర్లు, వాణిజ్య భవనాలకు 15 మీటర్ల ఎత్తు దాటితే అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం అవసరమవుతుంది. పాఠశాలలు, సినిమాహాళ్ళు, ఫంక్షన్ హాళ్ళు వంటి జనసమ్మర్దం గల భవనాలకు 6 మీటర్ల ఎత్తు నుంచే ఈ నియమం వర్తిస్తుంది.

చట్టానికి ఒక కొలత తప్పనిసరి. అయితే 18 మీటర్లకు కొద్దిగా తక్కువగా కట్టిన అపార్టుమెంటులో ఐదో అంతస్తులో ఉన్న వృద్ధులకు ఆ కొలత రక్షణ కాదు. ఆ మెట్లదారి పొగతో నిండితే వారికి ఐదో అంతస్తయినా పదిహేనో అంతస్తయినా ఒకటే. కాబట్టి చట్టం చెప్పే ఎత్తు వేరు, ప్రమాద సమయంలో అనుభవానికి వచ్చే ఎత్తు వేరు.

3. ఐదు దుర్ఘటనలు:
ఈ భేదాన్ని తెలుగు నేలమీద ఇటీవల జరిగిన దుర్ఘటనలు స్పష్టపరుస్తాయి.

2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలోని స్వర్ణ ప్యాలెస్ హోటల్లో మంటలు చెలరేగాయి. అప్పుడు ఆ హోటల్ కోవిడ్ చికిత్సాకేంద్రంగా ఉంది. పొగ పై అంతస్తులకు వ్యాపించగా కొందరు కిటికీల నుంచి దూకారు. 10 మంది మరణించారు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో ఒక విద్యుత్ స్కూటర్ల విక్రయశాల నుంచి లేచిన పొగ పైనున్న రూబీ లాడ్జిని కమ్మేసింది. ఎనిమిదిమంది మరణించారు. 2023 మార్చి 16 సాయంత్రం సికింద్రాబాదు స్వప్నలోక్ వాణిజ్య సముదాయంలో జరిగిన ప్రమాదంలో ఐదో అంతస్తులో చిక్కుకున్న ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. అదే ఏడాది నవంబరు 13న హైదరాబాదు నాంపల్లి ప్రాంతంలోని బజార్‌ఘాట్‌లో అపార్టుమెంటు కింది భాగంలో నిలువ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకున్నాయి. పై అంతస్తుల్లో నివసిస్తున్న తొమ్మిదిమంది ఆనాడే ప్రాణాలు కోల్పోయారు. 2025 మే 18 ఉదయం పాతబస్తీ గుల్జార్ హౌజ్ వద్ద ఒక ఇంట్లో 17 మంది మరణించారు. వారిలో ఎనిమిదిమంది పిల్లలు.

వీటిలో అన్నిటికన్నా పొట్టిది గుల్జార్ హౌజ్ ఇల్లు. కింది అంతస్తు కాక పైన రెండే అంతస్తులు. మృతుల సంఖ్య మాత్రం అక్కడే అత్యధికం. ఆ ఇంటి ప్రవేశమార్గం ఇరుకు, మెట్లు మరింత ఇరుకు. రూబీ లాడ్జిలోనూ పైకి వెళ్ళడానికి, కిందికి రావడానికి ఒకటే దారి. బజార్‌ఘాట్‌లో మెట్ల మొదలు దగ్గరే మంట. నిప్పు కింద, మనుషులు పైన, మధ్య దారి పొగమయం. ప్రదేశాలు వేరైనా ఈ అమరికలో పెద్ద తేడా లేదు. వేడి పొగ పైకి పోతుంది. తలుపులు లేని మెట్లదారి, లిఫ్టు గుంట దానికి పొగగొట్టాలవుతాయి. నురుగు పరుపులు, ప్లాస్టిక్ వస్తువులు కాలినప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ వాయువులు మంట చేరకముందే మనిషిని స్పృహ తప్పిస్తాయి.

4. దళం పనిచేసే క్రమం:
4.1 తొలి అంచనా: 101 లేదా 112 నంబరుకు కబురు అందగానే సమీప కేంద్రం నుంచి వాహనం బయలుదేరుతుంది. ఒక కేంద్రంలో స్టేషన్ ఫైర్ ఆఫీసర్, లీడింగ్ ఫైర్‌మెన్, డ్రైవర్ ఆపరేటర్లు, ఫైర్‌మెన్ ఉంటారు. ప్రమాదస్థలానికి ముందుగా చేరిన అధికారే తొలి సంచాలకుడు. ఎన్ని అంతస్తులు, నిప్పు ఎక్కడ, ఏమి కాలుతున్నది, లోపల ఎందరున్నారు, ఎన్ని మెట్లదారులున్నాయి అన్నవి ఆయన తేల్చుకోవలసిన ప్రశ్నలు. వీటికి సమాధానం చాలాసార్లు స్టిల్టులో కాపురముండే వాచ్‌మన్ దగ్గర దొరుకుతుంది. ఏ ఫ్లాటులో మంచం దిగలేని వారున్నారో, మేడమీది తలుపు తాళం ఎవరి దగ్గరుందో అతనికే తెలుసు. అంచనా పూర్తయ్యేలోగానే అధికారి అదనపు వాహనాలు కోరుతాడు. విద్యుత్ సంస్థ సరఫరా నిలిపివేస్తుంది, పోలీసులు వీధిని ఖాళీ చేయిస్తారు, 108 వాహనాలు సిద్ధమవుతాయి.

4.2 పనుల విభజన: నేలమీద సంచాలకుడు ఉంటాడు. నిప్పున్న అంతస్తుకు రెండంతస్తుల కింద, పొగ లేనిచోట, అదనపు సిబ్బందిని, గాలి సిలిండర్లను, గొట్టాలను చేర్చుతారు. శ్వాసపరికరంలోని గాలి పేరుకు 30–45 నిమిషాలకు సరిపోతుంది. బరువు మోస్తూ మెట్లెక్కే మనిషికి అంతకన్నా ముందే అయిపోతుంది. అందుకే అధికారి ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్ళారో రాసుకొని, గాలి తరిగేలోగా వెనక్కి పిలుస్తాడు. లోపలికి ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. ఇద్దరేసి వెళ్ళడం నియమం. దళం లిఫ్టును వాడవలసివస్తే అగ్నిమాపక సిబ్బందికోసం ప్రత్యేకించినదాన్నే వాడుతుంది. అది లేనిచోట మెట్లే దిక్కు.

4.3 నీరు: కాలువలు, చెరువులు నిండుగా ఉన్న డెల్టాలో నీటికి కొదవ ఉండదనిపిస్తుంది. కాని ఆ నీరు నేలమీద ఉంది. ప్రతి 10 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ పీడనం నీటిని పైకి ఎత్తడానికే ఖర్చవుతుంది. గొట్టాల్లో రాపిడి దానికి అదనం. మెట్లవెంట గొట్టం పరుచుకుంటూ పోతే కాలమూ వృథా, మెట్లదారిలో దిగేవారికి అడ్డమూ అవుతుంది. అందువల్ల ఎత్తైన భవనంలోనే నిలువు గొట్టపుమార్గం, నేలతొట్టి, మేడమీది తొట్టి, పంపు, ప్రతి అంతస్తులో గొట్టం తగిలించే మూత ఉండాలని నిబంధనలు చెబుతాయి. సిబ్బంది నిప్పున్న అంతస్తుకు కింది అంతస్తులో గొట్టం తగిలించి, నీరు నింపుకొని పైకి వెళతారు. ఆ పంపు పాడై ఉంటే, మూత ఊడదీసి అమ్మివేసి ఉంటే, దళం ఎంత వేగంగా వచ్చినా ప్రయోజనం తగ్గిపోతుంది.

4.4 వెతుకులాట: మొదట నిప్పున్న అంతస్తు, తరువాత దాని పై అంతస్తు, ఆ వెంటనే చిట్టచివరి అంతస్తు, అటుపై మిగిలినవి వెతకడం సాధారణ క్రమం. పొగ పోగుపడేది చివరి అంతస్తులోనే కాబట్టి ఈ వరుస. రెండు మెట్లదారులుంటే ఒకటి నీటిగొట్టంతో వెళ్ళే సిబ్బందికి, మరొకటి దిగే జనానికి కేటాయిస్తారు. ఒకటే ఉంటే రెండు పనులూ ఒకదానికొకటి అడ్డం. నిప్పున్న గది తలుపు తెరిచిన క్షణంలో పొగ ఆ ఒక్క మెట్లదారిలోకి వస్తుంది. కనుక పైవాళ్ళను దించాలా, ముందు తలుపు తెరవాలా అన్నది సంచాలకుడి అతి కఠినమైన నిర్ణయం. మేడమీది తలుపు తెరిస్తే పొగకు దారి దొరుకుతుంది, కాని అది సంచాలకుడు అదను చూసి చేయించవలసిన పని.

4.5 నిచ్చెనలు: యంత్రపు నిచ్చెనలు, హైడ్రాలిక్ వేదికలు జనం ఆశలు పెట్టుకొనే పరికరాలు. వాటికి వాహనం నాలుగు కాళ్ళూ చాపి నిలబడేటంత గట్టినేల, తలమీద తీగలు లేని ఆకాశం అవసరం. ఇరుకు వీధిలో అవి ఉన్నా లేనట్లే. నిచ్చెన అందినా బాల్కనీకి ఇనుపగ్రిల్లు బిగించి ఉంటే దానిని కోసిన తరువాతే మనిషిని బయటికి తీయగలరు.

5. ఉండాలా, దిగాలా?
లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ ఈ ప్రశ్నకు ప్రపంచవ్యాప్త ఉదాహరణ. 24 అంతస్తుల ఆ భవనానికి ఒకటే మెట్లదారి. 2017 జూన్ 14న అర్ధరాత్రి దాటాక 12.54కు తొలి కబురు అందింది. ఎవరి ఫ్లాటులో వారు తలుపు వేసుకొని ఉండాలన్న సలహాను 2.47కు గాని మార్చలేదు. 72 మంది మరణించారు. ప్రతి ఫ్లాటూ నిప్పును తనలోనే బంధించగలదన్న నమ్మకంపై ఆ సలహా నిలిచింది. బయటిగోడకు వేసిన మండే తొడుగు ఆ నమ్మకాన్ని వమ్ముచేసింది.

దీనినుంచి ఎల్లప్పుడూ దిగిపోవాలని సూత్రీకరించడం సరికాదు. తన ఫ్లాటులోనే నిప్పు ఉంటే తలుపు మూసి వెంటనే బయటపడాలి. మెట్లదారి పొగతో నిండి ఉంటే అందులోకి దిగడం మరణాన్ని ఎదుర్కోవడమే. అప్పుడు తలుపు మూసి, సందుల్లో తడిగుడ్డ దోపి, వీధివైపు కిటికీ దగ్గరికి చేరి, ఏ ఫ్లాటులో ఉన్నదీ ఫోనులో చెప్పడం ఉత్తమం. ఏది సరైనదో నిర్ణయించేది మెట్లదారి స్థితి.

6. డెల్టా పట్టణాలకు అన్వయం:
2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన తరువాత రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏలూరు వేర్వేరు జిల్లాకేంద్రాలయ్యాయి. కార్యాలయాలు, ఆసుపత్రులు, వసతి గృహాలు ఈ పట్టణాల్లో కేంద్రీకృతమవుతున్నాయి. రాజమహేంద్రవరంలో తాడితోట వస్త్రవిపణి వంటి చోట్ల కాలే సరుకు, జనం ఒకేచోట ఉంటారు. పాత పేటల వీధులు రథాలకు, జట్కాలకు సరిపోయేలా ఏర్పడినవి. ఆ వీధుల్లోనే నేడు ఐదంతస్తుల భవనాలు నిలిచాయి.

ఈ భవనాల్లో తరచు కనిపించే అలవాట్లు కొన్ని ఉన్నాయి. దొంగల భయంతో మేడమీది తలుపుకు తాళం, బాల్కనీలకు గ్రిల్లు. స్థలం చాలక మెట్లకింద పాత పరుపులు, గ్యాసు సిలిండర్లు. స్టిల్టులో మెట్ల మొదలు పక్కనే విద్యుత్ మీటర్ల వరుస, దానికి ఆనుకొని ఛార్జింగులో ఉన్న స్కూటర్లు. విడివిడిగా ఇవన్నీ సౌకర్యాలే. కలిసినప్పుడు బజార్‌ఘాట్, రూబీ లాడ్జిల అమరిక సిద్ధమవుతుంది.

2027లో గోదావరి పుష్కరాలు జరగనున్నాయి. 2015 పుష్కరాల తొలిరోజున రాజమహేంద్రవరం ఘాట్‌లో జరిగిన తొక్కిసలాట జనసమ్మర్దంలో దారి ఎంత విలువైనదో చూపింది. పుష్కరాల్లో లాడ్జీలు, సత్రాలు సామర్థ్యానికి మించి నిండుతాయి. వచ్చేవారికి ఆ భవనంలోని రెండో మెట్లదారి ఎక్కడుందో తెలియదు. ఘాట్ల ఏర్పాట్లతో సమానంగా ఈ వసతి గృహాల తనిఖీ జరగవలసి ఉంది.

7. భద్రతా భాష:
అపాయవేళ మనిషి మాతృభాషలోనే ఆలోచిస్తాడు. అయినా మన భవనాల్లో హెచ్చరిక ఫలకాలు ఎక్కువగా ఆంగ్లంలోనే ఉంటాయి. తెలుగులో ఉన్నచోట ‘నిష్క్రమణ ద్వారం’, ‘అత్యవసర నిర్గమనం’ వంటి పదాలు కనిపిస్తాయి. వాచ్‌మన్‌కు, లాడ్జిలో దిగిన యాత్రికునికి ‘బయటికి దారి’ అన్న రెండు మాటలు చాలు. ‘మంటలొస్తే లిఫ్టు ఎక్కవద్దు’, ‘ఈ తలుపు మూసి ఉంచండి, తాళం వేయవద్దు’ వంటి వాక్యాలు రూపొందించడంలో తెలుగు శాఖలు అగ్నిమాపక శాఖతో కలిసి పనిచేయడానికి అవకాశముంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో జరిగిన పేలుడులో అమరులైన అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థం ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు వారోత్సవాలు జరుగుతాయి. కళాశాలలు ఈ పనికి ఆ వారాన్ని వినియోగించుకోవచ్చు.

8. ముగింపు:
• పరిశీలించిన దుర్ఘటనల్లో మృతుల సంఖ్య భవనం ఎత్తుతోపాటు పెరగలేదు. రెండంతస్తుల ఇల్లే అత్యధిక ప్రాణాలు బలిగొంది.
• అగ్నిమాపక దళం పనితీరు సగానికి పైగా దళం రాకముందే భవనంలో నిర్ణయమై ఉంటుంది. నిలువు గొట్టపుమార్గం, రెండో మెట్లదారి, తాళంలేని తలుపు ఆ నిర్ణయానికి ఆధారాలు.
• ఎత్తు పరిమితికి లోబడిన లాడ్జీలు, హాస్టళ్ళు, ఆసుపత్రులను కూడా మెట్లదారుల సంఖ్యను బట్టి తనిఖీ చేయడం డెల్టా పట్టణాలకు తక్షణావసరం.
• భవనాల్లోని హెచ్చరికలు వాడుక తెలుగులో ఉండాలి.

అంతస్తులు లెక్కించడం భవన నిర్మాతల పద్ధతి. కిందికి దిగే దారులు లెక్కించడం అగ్నిమాపక సిబ్బంది పద్ధతి. ఆ భవనంలో నివసించేవారు నేర్చుకోవలసింది ఈ రెండో లెక్కనే.