ఇన్సులిన్ మొదలు బిళ్ళగన్నేరు వఱకు

పరీక్షలు ముగిసిన పిదప వేసవి విద్యార్థులకు విశ్రాంతికాలము. స్వగ్రామమునకు పోవువారు పోవుదురు. చిన్న యుద్యోగము వెదకుకొనువారు వెదకుకొందురు. 1921వ సంవత్సరపు వేసవిలో కెనడా దేశమందలి టొరంటో విశ్వవిద్యాలయమున ఇద్దరు విద్యార్థులకు వేరొక యవకాశము లభించెను. జీతము లేక పనిచేయుచున్న ఒక యువవైద్యునకు ప్రయోగశాలలో రెండు నెలలపాటు సహాయకుడుగా నుండుటయే ఆ యవకాశము. స్థానము ఒక్కటి, విద్యార్థు లిద్దరు. ఎవరు ముందుగా చేరవలెనో తేల్చుకొనుటకు వారు నాణె మెగురవేసి బొమ్మా బొరుసా చూచుకొనిరని ప్రసిద్ధి. గెలిచినవాడు చార్లెస్ బెస్టు. ఓడినవాడు క్లార్క్ నోబుల్.

గెలిచినవాని పేరు నేడు వైద్యశాస్త్రము చదువు ప్రతి విద్యార్థికిని తెలియును. ఓడినవాని పేరు తెలిసినవారు మిక్కిలి తక్కువ. అయినను, ఒక విశ్వవిద్యాలయమున పరిశోధన యెట్లు సాగునో, చేయిజారిన యవకాశము మఱియొక రూపమున నెట్లు మరలి వచ్చునో తెలిసికొన గోరువారికి ఈ రెండవవాని చరిత్ర యెక్కువ బోధకముగా నుండును.

సందేహించుచునే ఇచ్చిన చోటు

ఆ కాలమున మధుమేహము, ముఖ్యముగా బాల్యముననే పట్టుకొను మధుమేహము, మరణశాసనముతో సమానము. 1889లో స్ట్రాస్‌బర్గు నగరమున మింకోవ్‌స్కీ, మేరింగ్ అను శాస్త్రజ్ఞులు ఒక శునకమునుండి క్లోమగ్రంథిని తొలగింపగా దానికి మధుమేహము వచ్చెను. కావున రక్తమందలి చక్కెరను అదుపునం దుంచు పదార్థ మేదియో ఆ గ్రంథిలో నున్నదని శాస్త్రజ్ఞులు గ్రహించిరి. కాని దానిని వెలికి తీయు ప్రయత్నములు ముప్పది సంవత్సరములుగా నెరవేరలేదు. గ్రంథిని నూరి రసము తీసినచో, అందలి జీర్ణరసములే ఆ పదార్థమును నాశము చేయుచున్నవని పలువురు తలంచిరి. రోగిని దాదాపు పస్తుంచి కొన్ని నెలలు బ్రతికించుటయే నాటి చికిత్స.

ఫ్రెడరిక్ బాంటింగ్ 1891లో అంటారియో రాష్ట్రమందు ఒక కర్షక కుటుంబమున జన్మించినవాడు. మొదటి ప్రపంచయుద్ధమున సైనికవైద్యుడుగా పనిచేసి గాయపడి వచ్చెను. అదే రాష్ట్రమందలి లండన్ అను పట్టణమున వైద్యశాల తెఱచెను గాని రోగులు రాలేదు. అందువలన, ఇప్పుడు వెస్టర్న్ విశ్వవిద్యాలయమని పిలువబడు అచటి విద్యాపీఠమున కొలది గంటలు బోధించుచుండెను. 1920 అక్టోబరు నెలాఖరున మఱునాటి పాఠమునకై చదువుకొనుచుండగా అతనికి ఒక యూహ తోచెను. క్లోమనాళములను ముడివేసినచో జీర్ణరసము నిచ్చు భాగము క్రమముగా క్షీణించును. లాంగర్‌హాన్సు ద్వీపము లనబడు కణసమూహములు మాత్రము మిగులును. అప్పుడు వానినుండి రసము తీసిన నెట్లుండును?

ఈ యూహతో బాంటింగ్ టొరంటోకు పోయి శారీరకశాస్త్రాచార్యుడైన మాక్లియడ్‌ను కలిసికొనెను. స్కాట్లండునుండి వచ్చిన మాక్లియడ్ ఈ విషయమున గొప్ప ప్రామాణికుడు. బాంటింగ్‌కు పరిశోధనానుభవము లేదు. అతని వాదమున లోపములును లేకపోలేదు. ఆచార్యుడు సందేహించెను. సందేహించియు, వేసవిలో ఖాళీగా నుండు ఒక గదిని, పది శునకములను, ఒక విద్యార్థి సహాయమును ఇచ్చుటకు సమ్మతించెను. విశ్వవిద్యాలయము చేసిన మొదటి మేలు ఇదియే. తాను నమ్మని యూహకు సైతము పరీక్షింపబడుటకు కొంత చో టిచ్చెను.

1921 మే 17వ తేదీన పని ప్రారంభమయ్యెను. బాంటింగ్ శస్త్రచికిత్సలు చేయుచుండెను. బెస్టు రక్తమునందును మూత్రమునందును చక్కెరను కొలుచుచుండెను. తొలి దినములలో అనేక శునకములు మరణించెను. వేసవి యెండలో ఆ గది దుర్భరమయ్యెను. ఒప్పందము చొప్పున కొంతకాలమునకు బెస్టు వైదొలగి నోబుల్ చేరవలసి యుండెను. అప్పటికి బెస్టుకు పని చేతికి వచ్చినందున అతడే కొనసాగుట మేలని నిర్ణయమయ్యెను. ఈ విధముగా నోబుల్ రెండవసారియు బయటనే నిలిచెను. జూలై 30వ తేదీన మధుమేహముగల ఒక శునకమునకు క్లోమరసమును ఎక్కింపగా దాని రక్తమున చక్కెర తగ్గెను.

నలుగురి పని, ఇద్దరి బహుమానము

తగ్గుట వేరు, మనుష్యునకు ఇయ్యదగిన మందు సిద్ధమగుట వేరు. ఆ డిసెంబరున జేమ్సు కాలిప్ అను జీవరసాయనవేత్త ఈ పనిలో చేరెను. ఇతడు ఆల్బర్టా విశ్వవిద్యాలయమునుండి సెలవుపై వచ్చినవాడు. 1922 జనవరి 11వ తేదీన టొరంటో జనరల్ ఆసుపత్రిలో లెనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు బాంటింగ్, బెస్టులు సిద్ధపఱచిన రసము నిచ్చిరి. ఆ బాలుని బరువు 30 కిలోలకు లోపు. మందు మలినముగా నుండుటచే సూది గ్రుచ్చిన చోట గడ్డ లేచెను, ఫలము స్వల్పము. కాలిప్ రాత్రింబగళ్లు శ్రమించి ఆ రసమును శుద్ధి చేసెను. జనవరి 23వ తేదీన దానిని మరల ఇయ్యగా, ఆ బాలుని రక్తమున 100 మిల్లీలీటరులకు 520 మిల్లీగ్రాములుగా నున్న చక్కెర 120కి దిగెను. థాంప్సన్ మఱి పదుమూడేండ్లు జీవించి 1935లో ఊపిరితిత్తుల జబ్బుతో మరణించెను.

1923లో నోబెల్ బహుమానము బాంటింగ్, మాక్లియడ్‌లకు వచ్చెను. బెస్టును విస్మరించుట అన్యాయమని బాంటింగ్ ఆగ్రహించి తన భాగమందలి ధనములో సగము అతని కిచ్చెను. మాక్లియడ్ తన భాగమున సగము కాలిప్‌కు పంచెను. ఈ నలుగురి నడుమ సఖ్యము లేకుండెను. కీర్తి యెవరిదను వివాదము వారి జీవితాంతము సాగెను. అయినను ఒక విషయమున వారి వర్తనము మెచ్చదగినది. ఇన్సులిన్‌పై పేటెంటు హక్కును బాంటింగ్, బెస్టు, కాలిప్‌లు తలకొక డాలరు మాత్రము పుచ్చుకొని విశ్వవిద్యాలయమునకు వ్రాసి యిచ్చిరి.

ఓడినవాని పని

మఱి క్లార్క్ నోబుల్ ఏమి చేసెను? అవకాశము తప్పినదని అలిగి ప్రయోగశాలను విడువలేదు. మాక్లియడ్ బృందముననే నిలిచి, ఇన్సులిన్ కథలో మిగిలిపోయిన పనులను చేపట్టెను. మందు దొరకినది సరే. దాని బలమును కొలుచు టెట్లు? ఒక సీసాలోని మందు బలహీనముగను, మఱియొక సీసాలోనిది తీవ్రముగను ఉన్నచో రోగి ప్రాణమునకే ముప్పు. ఆరోగ్యముగల కుందేళ్లకు ఇన్సులిన్ ఇచ్చినచో వాని రక్తమున చక్కెర తగ్గును. 100 మిల్లీలీటరులకు సుమారు 45 మిల్లీగ్రాములకు దిగినప్పుడు వానికి మూర్ఛలు వచ్చును. వెంటనే గ్లూకోజు నెక్కించినచో కోలుకొనును. మందు బలమును కొలుచుటకు తొలి ప్రమాణము దీనినుండియే యేర్పడెను. చక్కెర యతిగా తగ్గినపుడు చేయవలసిన చికిత్సయు దీనివలననే తెలిసెను. 1922లో వెలువడిన కుందేళ్ల పరిశోధనా పత్రమున బాంటింగ్, బెస్టు, కాలిప్, మాక్లియడ్‌ల సరసన నోబుల్ పేరును కలదు.

పిమ్మట నోబుల్ చేపలనుండి ఇన్సులిన్ తీయు పనిలో పాల్గొనెను. కొన్ని జాతుల చేపలలో లాంగర్‌హాన్సు ద్వీపముల కణములు క్లోమగ్రంథినుండి విడిగా నుండును. ఆ కణములనుండి తీసిన రసము చక్కెరను తగ్గించుటయు, తక్కిన క్లోమరసము తగ్గింపకపోవుటయు గమనించి, ఇన్సులిన్ జన్మస్థానము ఈ ద్వీపములే యని మాక్లియడ్ నిరూపించెను. ఇవి పత్రికలు పెద్దక్షరములలో ప్రకటించు వార్తలు కావు. కాని ఇవి లేనిచో ఇన్సులిన్ ప్రయోగశాల గడప దాటి లోకమునకు నమ్మదగిన మందుగా వచ్చెడిది కాదు.

ఒక కవరులో వచ్చిన యాకులు

తరువాతి కాలమున నోబుల్ వైద్యవృత్తిలో స్థిరపడెను. 1952లో ఆయనకు జమైకా ద్వీపమునుండి ఒక కవరు వచ్చెను. అందు కొన్ని యాకు లుండెను. ఇన్సులిన్ దొరకని చోట అచటి ప్రజలు ఈ యాకుల కషాయమును మధుమేహమునకు త్రాగుచున్నారని సమాచారము. ఇన్సులిన్ పరిశోధనతో సంబంధముగల వైద్యుడు గనుకనే అది ఆయనకు చేరెను. ఆయనకు అప్పుడు ప్రయోగశాల లేదు. దానిని తన తమ్ముడైన రాబర్ట్ నోబుల్‌కు అందజేసెను.

రాబర్ట్ పనిచేయుచున్న చోటు లండన్ పట్టణమందలి విశ్వవిద్యాలయమే. అనగా బాంటింగ్ ఒకప్పుడు పాఠము చెప్పిన చోటే. ఆయన ప్రయోగశాల పేరు కాలిప్ వైద్యపరిశోధనాలయము. ఇన్సులిన్‌ను శుద్ధి చేసిన ఆ కాలిప్పే అప్పటి యచటి వైద్యకళాశాలకు అధ్యక్షుడు. టొరంటోలో ముప్పదియేండ్ల క్రిందట ఒక బల్లచుట్టు చేరినవారి సంబంధములు ఈ విధముగా మఱియొక యూరిలో మఱియొక పనికి ఆధారమయ్యెను.

ఆకుల రసమును ఎలుకలకు నోటిద్వారా ఇచ్చి చూడగా రక్తమందలి చక్కెర తగ్గలేదు. సూదిద్వారా ఇయ్యగా ఎలుకలు కొలది దినములలోనే సూక్ష్మజీవుల వలన గడ్డలు లేచి చనిపోయెను. ఇంతటితో, మందు పనికిరాదని పుస్తకమున వ్రాసి ముగించి యుండవచ్చును. రాబర్ట్ అట్లు చేయక, అవి చనిపోవుటకు కారణమేమని విచారించెను. ఆ రసము ఎలుకల యెముకల మూలుగను అణచి తెల్లకణములను క్షీణింపజేయుటచే, వానికి సూక్ష్మజీవులను ఎదిరించు శక్తి నశించినదని తెలిసెను. తెల్లకణములు అదుపు తప్పి పెరుగుటయే రక్తక్యాన్సరు. మధుమేహమునకు పనికిరాని యాకు ఆ వ్యాధికి పనికిరాదా?

1954లో చార్లెస్ బీర్ అను జీవరసాయనవేత్త ఇంగ్లండునుండి వచ్చి రాబర్ట్‌తో చేరెను. ఆకులందు అత్యల్పముగా నుండు ఆ సారమును వేరుచేయుట ఆయన పని. 1958లో రాబర్ట్, బీర్, కట్స్ అను ముగ్గురు తమ ఫలితమును ప్రకటించిరి. అనుకొనని పరిశీలనములకు చికిత్సాశాస్త్రమునందు గల పాత్రయే ఆ పత్రమున శీర్షికగా నుండుట గమనింపదగినది. ఆ మందు విన్‌బ్లాస్టిన్. అదే కాలమున అమెరికాలో ఈలై లిల్లీ కంపెనీవారును అదే మొక్కపై వేఱుగా పరిశోధించుచుండిరి. టొరంటో ఇన్సులిన్‌ను అమెరికాలో మొదట విరివిగా తయారు చేసినవారును వీరే. ఆ మొక్కనుండియే వారు విన్‌క్రిస్టిన్‌ను వెలికి తీసిరి. అది 1963లో అమెరికా ప్రభుత్వామోదము పొందెను. పిల్లలకు వచ్చు రక్తక్యాన్సరునకు నేటికిని ఇచ్చు ముఖ్యౌషధములలో అది యొకటి. కణము రెండుగా చీలునపుడు దానిలో ఏర్పడు సూక్ష్మనాళికలను ఈ మందులు కట్టుకొననీయవు. అందుచే వేగముగా పెరుగు క్యాన్సరు కణములు విభజన నడుమనే నిలిచి నశించును.

ఆ మొక్క మనకు క్రొత్తది కాదు. మడగాస్కరు దానికి జన్మభూమి. మనము బిళ్ళగన్నేరు అందుము. తెలుగునాట ఇండ్ల ముంగిళ్లలోను, దేవాలయముల ప్రాంగణములలోను, పాఠశాలల గోడల చెంతను నీరు పోసినను పోయకున్నను గులాబివన్నె, తెల్లవన్నె పూలు పూయుచుండునది ఇదియే. ఇక్కడ ఒక హెచ్చరిక యవసరము. మధుమేహమునకు ఈ యాకు నమలువారు మన పల్లెలలోను గలరు. ఇది విషగుణముగల మొక్క. పైని చెప్పిన ఎలుకలకు అపకారము చేసినది ఆ రసమే. మందుగా మాఱినది శుద్ధిచేసి కొలిచి వైద్యుని పర్యవేక్షణమున ఇచ్చు సారమే గాని ఆకు కాదు.

విద్యార్థులకు తెఱచిన ద్వారము

ఈ చరిత్రలో ప్రతిభావంతులు పలువురు గలరు. కాని ప్రతిభ యొక్కటియే పని చేయలేదు. నమ్మకము లేకున్నను గది యిచ్చిన ఆచార్యుడు, వేసవి మానుకొని చక్కెర కొలిచిన విద్యార్థి, సెలవులో వచ్చి చేయి కలిపిన రసాయనవేత్త, తనకు ప్రయోగశాల లేకున్నను ఆకులను పారవేయని వైద్యుడు, విఫలమైన ప్రయోగమున చచ్చిన యెలుకను మరల పరీక్షించిన తమ్ముడు – వీరందరు కూడినగాని రెండు వ్యాధులకు మందులు రాలేదు. విశ్వవిద్యాలయపు పరిశోధనాలోక మనగా ఇదియే. అందు గెలిచినవారి పేర్లు బహుమానములపై నుండును. తక్కినవారి పని ఆ బహుమానములకు పునాదిలో నుండును.

బెస్టుకు దొరకినటువంటి రెండునెలల యవకాశము మన దేశమునను విద్యార్థులకు కలదు. భారత వైద్య పరిశోధన మండలివారు 1979 మొదలు వైద్యకళాశాలల పట్టపూర్వ విద్యార్థులకై స్వల్పకాలిక పరిశోధన పథకమును నడుపుచున్నారు. విద్యార్థి తన కళాశాలలోనే ఒక అధ్యాపకుని మార్గదర్శకత్వమున చిన్న ప్రశ్న నొకదానిని ఎంచుకొని, రెండు నెలలు శ్రమించి, ఫలితమును వ్రాసి పంపవలెను. విశాఖపట్టణమున చదువువానికైనను, హైదరాబాదున చదువుదానికైనను ఈ ద్వారము తెఱచియే యున్నది. పాఠశాలయందలి బాలబాలికలకు దీనికి ఇంకను కాలము గలదు; కాని ప్రశ్న వేయు నలవాటునకు కాలనియమము లేదు.

దరఖాస్తు చేసిన వారందరికిని చోటు దొరకదు. ఎంపిక కానివాడు తనకు పరిశోధన వ్రాసిపెట్టి లేదని నిశ్చయించుకొనును. అట్టి నిశ్చయమునకు ఉపాధ్యాయుడును ఒక్కొక్కప్పుడు తలయూపును. క్లార్క్ నోబుల్ చరిత్ర ఆ తలయూపునకు అడ్డుగా నిలుచును. జీవశాస్త్రపు గంటలో పిల్లలను పాఠశాల గోడ చెంతకు తీసికొనిపోయి బిళ్ళగన్నేరును చూపుచు, ఈ మొక్కనుండి క్యాన్సరు మందు ఎట్లు వచ్చినదో ఉపాధ్యాయుడు చెప్పవచ్చును. మధుమేహమునకు మందు వెదకుచు రక్తక్యాన్సరునకు మందు కనుగొనిరని విన్న పిల్లవాడు, తన ప్రయోగము తప్పినపుడు ఎందుకు తప్పినదో చూడకుండ పుస్తకము మూయడు.