ఆవగింజంత గ్రంథి - చెరువు నిండా చేపలు

ఆషాఢమాసంలో రావులపాలెం దగ్గర గౌతమి వంతెన మీద నిలబడి చూడండి. మొన్నటిదాకా ఇసుక తిన్నెల మధ్య సన్నగా పారిన గోదావరి, ఎర్రనీళ్ళతో ఒడ్లు ఒరుసుకుంటూ పోతుంటుంది. ఈ కొత్త నీటికోసం రైతులే కాదు, చేపలూ ఎదురుచూస్తాయి. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వంటి చేపలు వరదకాలంలోనే నదిలో గుడ్లు పెడతాయి.

ఇవే చేపలను చెరువులో పెంచితే ఒక చిత్రం జరుగుతుంది. వాటి కడుపులో గుడ్లు తయారవుతాయి గాని బయటికి రావు! ఎందుకని?

మెదడు అడుగున పీయూష గ్రంథి అని ఒకటి ఉంటుంది. మనలో అది బఠాణీ గింజంత, చేపలో ఆవగింజంత. ఇది కొన్ని హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. వాటిలో ఒకటి శరీరాన్ని పెంచుతుంది. మరొకటి గుడ్లు విడుదలయ్యేలా చేస్తుంది. వరద సూచనలు లేని చెరువులో ఈ రెండవ హార్మోను చాలినంతగా వెలువడదు. అందుకే పూర్వం చేపల పెంపకందార్లు నదుల్లో పట్టిన పిల్లల మీదే ఆధారపడేవారు. వాటిలో పనికిరాని జాతులు, తోటి చేపల్ని తినే జాతులు కూడా కలిసి వచ్చేవి.

ఆ హార్మోనును మనమే అందిస్తే? 1930లో అర్జెంటీనా శాస్త్రజ్ఞుడు బెర్నార్డో హుస్సే ఒక చేప పీయూష గ్రంథిని మరొక జాతి చేపకు ఎక్కించి, అది నెలలు నిండకముందే పిల్లల్ని ఈనేలా చేశాడు. మనదేశంలో హీరాలాల్ చౌధురి మొదట చిన్న చేపల మీద ప్రయత్నించాడు. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో, చెరువులో పెరిగిన మన పెద్ద చేపల చేత గుడ్లు పెట్టించాడు. అందుకే ఆ రోజును మత్స్య రైతుల దినంగా జరుపుకుంటున్నాం.

చౌధురి అంతటితో ఊరుకోలేదు. ఆ ఏడాదే అలికున్హితో కలిసి ‘కరెంట్ సైన్స్’ పత్రికలో రెండు పుటల వ్యాసం ప్రకటించాడు. 1960లో మరింత వివరంగా మరో పెద్ద వ్యాసం రాశాడు.

తరువాత స్థిరపడిన పద్ధతి ఇది. గ్రంథిని ఆల్కహాలులో నిలవచేసి, నూరి, నీటిలో కలిపి, పైన తేరిన ద్రవాన్ని సూదిమందుగా ఇస్తారు. ఆడచేపకు కిలో బరువుకు 2, 3 మిల్లీగ్రాములు. ఆరు గంటల తరువాత 5 నుండి 8 మిల్లీగ్రాములు. మగచేపకు ఒక్కసారి చాలు. ఆపైన వాటిని నీటిలో కట్టిన గుడ్డ తొట్టిలో వదులుతారు. కొన్ని గంటల్లోనే గుడ్లు!

ఎంత మోతాదు, ఎన్ని గంటలు అన్నది ఎవరూ రాయకపోతే ఏమయ్యేది? ఆ విద్య ఒక చెరువు గట్టు దాటేది కాదు.

రాసినదాన్ని ఇతరులు సరిదిద్దవచ్చు కూడా. ఈ గ్రంథిలోనే పుట్టే పెరుగుదల హార్మోను సంగతి చూడండి. పశువుల హార్మోను మనిషి మీద పనిచేయదు. 1956లో అమెరికాలో చో హావో లీ మానవ హార్మోనును శుద్ధిగా వేరుచేశాడు. అందులో 188 ఎమైనో ఆమ్లాలున్నాయని 1966లో ప్రకటించాడు. 1971లో హ్యూ నియాల్ అందులో పొరపాటును పట్టుకున్నాడు. సరైన లెక్క 191. లీ గారు కూడా మళ్ళీ పరిశీలించి తన లెక్కను దిద్దుకున్నారు. తప్పును దాచుకోవడం కాదు, దిద్దుకోవడమే విజ్ఞానం!

చేపల కథా అక్కడే ఆగలేదు. గ్రంథులకోసం ఎన్నో చేపల తలలు కోయాల్సివచ్చేది. మెదడులోని డోపమిన్ అనే పదార్థం ఈ గ్రంథికి కళ్ళెం వేస్తుందని తరువాత తెలిసింది. 1980లలో రిచర్డ్ పీటర్, హావోరన్ లిన్ ఆ కళ్ళేన్ని తీసే మందునూ, గ్రంథిని పురికొల్పే మందునూ కలిపి వాడే పద్ధతిని రూపొందించారు. ఇప్పుడు చేప తన గ్రంథితోనే పని చేయించుకుంటోంది.

ఈసారి చెరువులో చేపపిల్లలను వదులుతుంటే దగ్గరకు వెళ్ళి చూడండి. అవి వరదనీటిని ఎరుగవు. శాస్త్రజ్ఞులు శ్రద్ధగా రాసిపెట్టిన కొన్ని కాగితాలు వాటికి వరదగా మారాయి. మీ ప్రయోగశాల నోటుపుస్తకంలో కూడా ఫలితంతోపాటు కొలతలూ రాసుకోండి. మరొకరు దాన్ని చూసి చేయగలగాలి మరి!