కాన్పు నార్మలే... మరి కుట్ల సంగతి?

'నార్మల్ కాన్పే, తల్లీ బిడ్డా క్షేమం' అన్న కబురు వినగానే ఇంటిల్లిపాదీ సంబరపడతారు. ఆ సంబరంలో ఒక సంగతి చాలామందికి గుర్తుండదు. ఆ బాలింత ఒంట్లో పచ్చి గాయం ఉంది. పొట్ట మీద ఆపరేషన్ కుట్లయితే అందరూ జాగ్రత్తలు చెబుతారు. బరువులెత్తొద్దంటారు, మంచం దిగనివ్వరు. అవే కుట్లు కింద పడితే అడిగేవాళ్లుండరు. చెప్పుకోవాలంటే ఆమెకు సిగ్గు. 'మామూలు కాన్పే కదా' అని మూడో రోజు నుంచే పనులు మొదలవుతాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్‌లే. మిగతా సగానికి పైగా తల్లులు యోని ద్వారానే ప్రసవిస్తున్నారు. తొలి కాన్పులో పది మందిలో తొమ్మిది మంది వరకూ ఎంతో కొంత గీరుకుపోవడమో, చీలికో, గాటో తప్పదని బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ చెబుతోంది. అంటే ఇది ఎవరో ఒకరిద్దరి బాధ కాదు.

ఎందుకు చీలుతుంది?

బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు యోనికీ, మలద్వారానికీ మధ్య ఉన్న భాగం బాగా సాగుతుంది. ఒక్కోసారి అక్కడ చీలుతుంది. ఈ చీలికలను నాలుగు రకాలుగా చూస్తాం. చర్మం వరకే అయితే మొదటి రకం. దీనికి కొన్నిసార్లు కుట్లు కూడా అక్కర్లేదు. లోపలి కండరం వరకూ వెళితే రెండో రకం. చాలామందికి కుట్లు పడేది దీనికే. మలద్వారాన్ని బిగించి ఉంచే కండరం దెబ్బతింటే మూడో రకం, మలాశయం లోపొర కూడా చీలితే నాలుగో రకం. ఈ చివరి రెండూ తక్కువే గానీ, వీటిని ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చి జాగ్రత్తగా కుట్టాల్సి ఉంటుంది.

బిడ్డకు ఇబ్బంది ఉన్నప్పుడు, పరికరాలతో బయటికి తీయాల్సినప్పుడు వైద్యులే చిన్న గాటు పెడతారు. అదే ఎపిసియోటమీ. ప్రతి కాన్పుకూ అలవాటుగా గాటు పెట్టడం తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే స్పష్టం చేసింది. మీకు పడినవి ఏ రకం కుట్లో ఇంటికెళ్లే ముందే అడిగి తెలుసుకోండి. డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. తర్వాతి కాన్పుకు ఆ సమాచారం చాలా అవసరం.

తొలి రోజుల్లో ఇలా...

ఈ కుట్లకు ఎక్కువగా కరిగిపోయే దారాలే వాడతారు. విప్పాల్సిన పనిలేదు. రెండు మూడు వారాల్లో చిన్న దారం ముక్కలు ప్యాడ్ మీద కనిపిస్తే 'కుట్లు ఊడిపోయాయి' అని కంగారుపడొద్దు.

తొలి రెండు రోజులూ వాపు, సలుపు ఎక్కువ. ఐస్ ముక్కలను శుభ్రమైన గుడ్డలో చుట్టి పది నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు పెడితే ఉపశమనం ఉంటుంది. ఐస్ నేరుగా చర్మానికి తగలకూడదు. ఆ తర్వాత వెడల్పాటి శుభ్రమైన టబ్బులో గోరువెచ్చటి నీళ్లు పోసి పది నిమిషాలు కూర్చోవచ్చు. నీళ్లలో డెట్టాల్ అవసరం లేదు. అది పచ్చి పుండును మండిస్తుంది. నొప్పికి పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ వంటివి పాలిచ్చే తల్లులు వైద్యుల సలహాతో వాడుకోవచ్చు. నొప్పిని ఓర్చుకోవడం గొప్పేమీ కాదు. నొప్పితో ఉన్న తల్లి సరిగా కూర్చుని బిడ్డకు పాలివ్వలేదు. పక్కకు పడుకుని పాలివ్వడం నేర్చుకుంటే కుట్ల మీద భారం తగ్గుతుంది.

మూత్రం మంటగా ఉంటే, పోసేటప్పుడే మగ్గుతో గోరువెచ్చటి నీళ్లు పోసుకోండి. కడుక్కునేటప్పుడు చేయి ముందు నుంచి వెనక్కే వెళ్లాలి. తర్వాత మెత్తటి గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. ప్యాడ్‌ను నాలుగైదు గంటలకోసారి మార్చాలి. గుడ్డలు వాడితే ఉతికి ఎండలోనే ఆరేయాలి. మన బెజవాడ ఉక్కపోతలో చెమటకు కుట్లు తడిగానే ఉండిపోతాయి. కాబట్టి వదులైన నూలు లోదుస్తులే మంచివి. పడుకున్నప్పుడు కాసేపు ప్యాడ్ లేకుండా గాలి తగలనిచ్చినా మేలే. నిప్పుల మీద సాంబ్రాణి వేసి ఆ పొగ కుట్లకు పట్టించడం, పసుపు, బూడిద అద్దడం మాత్రం వద్దు. వేడికి చర్మం కాలవచ్చు, పొడులతో ఇన్‌ఫెక్షన్ రావచ్చు.

పప్పు తింటే చీము పడుతుందా?

పడదు. ఇది మన ఇళ్లలో గట్టిగా పాతుకుపోయిన అపోహ. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. పైగా గాయం మానడానికి మాంసకృత్తులే కావాలి. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేప, ఆకుకూర అన్నీ తినొచ్చు. పథ్యం పేరుతో కారప్పొడి అన్నం మాత్రమే పెట్టి, నీళ్లు కూడా కొలిచి ఇస్తే ముందుగా వచ్చేది మలబద్ధకం. కుట్లకు దానికి మించిన శత్రువు లేదు. దాహం వేసినప్పుడల్లా నీళ్లు ఇవ్వండి. జామ, బొప్పాయి పండు, ఆకుకూరలు పెట్టండి. అవసరమైతే విరేచనం మెత్తబడే సిరప్ వైద్యులు రాస్తారు.

'ముక్కితే కుట్లు తెగిపోతాయేమో' అని చాలామంది విరేచనం ఆపుకొంటారు. సాధారణంగా అలా తెగవు. శుభ్రమైన ప్యాడ్‌ను కుట్ల మీద ఆనించి పట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది. గొంతుక్కూర్చోవడం కష్టమైతే కొన్నాళ్లు కమోడ్ లేదా కమోడ్ కుర్చీ వాడుకోవచ్చు.

మెట్లెక్కాలా... ఎలా?

వన్ టౌన్‌లో కొండవాలు ఇళ్లకు ఈ ప్రశ్న చాలా ముఖ్యం. చిట్టినగర్, కొత్తపేట వైపు పదుల కొద్దీ మెట్లెక్కితే గానీ ఇల్లు చేరలేని కుటుంబాలున్నాయి. నెమ్మదిగా, ఆగుతూ మెట్లెక్కడం తప్పు కాదు. నీళ్ల బిందెతో ఎక్కడం తప్పు. ఆరు వారాల వరకూ బిడ్డ బరువుకు మించి ఎత్తకపోవడం మంచిది. అలాగని మంచానికే అంటుకుపోవద్దు. ఇంట్లో కాస్త నడుస్తుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది.

నొప్పి కాస్త తగ్గగానే కటి కండరాల వ్యాయామం మొదలుపెట్టండి. గ్యాస్ బయటికి పోకుండా బిగబట్టినట్టు లోపలి కండరాలను బిగించి, ఐదు సెకన్లు ఉంచి వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలా చేయాలి. కనీసం మూడు నెలలు కొనసాగించాలి.

బయటికి చెప్పని బాధ

దగ్గినా తుమ్మినా మూత్రం పడటం, గ్యాస్ ఆపుకోలేకపోవడం, తెలియకుండానే బట్టలకు మలం అంటడం. ఇవి ఉన్నా చాలామంది ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పరు. పెళ్లిళ్లకు, ప్రయాణాలకు వెళ్లడం మానేస్తారు. 'పిల్లలు పుట్టాక ఇంతే' అని సరిపెట్టుకుంటారు. అంతే కాదు! వ్యాయామాలు, మందులు, అవసరమైతే ఆపరేషన్ ఉన్నాయి. ఎంత త్వరగా చెబితే అంత మంచిది.

కలయికకు గాయం పూర్తిగా మానేవరకూ, సుమారు ఆరు వారాలు ఆగాలి. ఆ తర్వాత కూడా ఆమెకు భయం, నొప్పి లేనప్పుడే. పాలిచ్చే రోజుల్లో యోని పొడిగా ఉండటం సహజం. దానికి జెల్లులు ఉన్నాయి. నెలసరి రాకముందే గర్భం రావచ్చు కాబట్టి కుటుంబ నియంత్రణ గురించీ అప్పుడే మాట్లాడాలి.

ఈ లక్షణాలుంటే ఆగొద్దు

కుట్ల నొప్పి రోజురోజుకూ పెరగడం, చీము, దుర్వాసన, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, కుట్లు విచ్చుకోవడం, మూత్రం రాకపోవడం, యోని నుంచి గ్యాస్ లేదా మలం రావడం. వీటిలో ఏది ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి రావాలి. గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, పిక్క వాచి నొప్పి పెడుతున్నా, ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయండి. కుట్లు విచ్చుకున్నా కంగారు వద్దు. శుభ్రం చేస్తూ, మందులు వాడితే చాలా గాయాలు వాటంతటవే మానతాయి. కొన్నింటికే మళ్లీ కుట్లు అవసరమవుతాయి.

కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి వస్తారు. అప్పుడు బిడ్డ బరువుతో పాటు కుట్ల సంగతీ చెప్పండి. ఆరో వారంలో తప్పనిసరిగా ఒకసారి వైద్యులకు చూపించుకోండి.

'ఈ బాధ పడలేను, మరోసారి ఆపరేషనే చేయండి' అనే వాళ్లూ ఉన్నారు. ఒకటి, రెండో రకం చీలికలు పడినంత మాత్రాన తర్వాతి కాన్పు సిజేరియన్ కానక్కర్లేదు. మూడు, నాలుగో రకమైతే ముందుగానే వైద్యులతో చర్చించి నిర్ణయించుకోవాలి.

ఇంట్లోవాళ్లకు ఒక్క మాట. 'మేమంతా కనలేదా?' అనకండి. అత్తగారైనా, అమ్మయినా, భర్తయినా రోజుకోసారి 'కుట్లు ఎలా ఉన్నాయి? నొప్పి తగ్గిందా?' అని అడగండి. మీరు అడిగితేనే ఆమె చెబుతుంది. చెబితేనే వైద్యం అందుతుంది.