అక్కగా పుట్టడమే శాపమా?

శాపాలు, శాపవిమోచనాలు మన పురాణగాథలకు కొత్త కావు. అహల్య, శకుంతల కథలు వింటూనే మనమందరం పెరిగాం. అయితే ఎవరూ నోరు తెరిచి శపించకుండానే ఇంటి ఆడపిల్లను వెంటాడే శాపం మరొకటి ఉంది. ఆ సత్యాన్ని యువపాఠకుల కోసం అద్భుతకథగా మలచిన ఆంగ్ల నవల ‘హౌల్స్ మూవింగ్ కాజిల్’. 1986లో వెలువడిన ఈ నవలను రచించినవారు డయానా విన్ జోన్స్ (1934–2011). ఆమె కూడా ముగ్గురు అక్కచెల్లెళ్ళలో పెద్దవారు కావడం గమనార్హం.

కథ జరిగే ఇంగరీ రాజ్యంలో మాయలూ మంత్రాలూ నిత్యవ్యవహారాలు. ముగ్గురు సంతానంలో పెద్దవారు అదృష్టాన్ని వెతుక్కుంటూ బయలుదేరితే ముందుగా ఓడిపోయేది వారేనని అక్కడి జనుల విశ్వాసం. టోపీల వ్యాపారి పెద్దకూతురు సోఫీ దీనిని మనసారా నమ్ముతుంది. తండ్రి అప్పులు మిగిల్చి మరణించగా, సవతి తల్లి ఫ్యానీ ముగ్గురి భవిష్యత్తునూ నిర్ణయిస్తుంది. సోఫీ దుకాణంలోనే పని నేర్చుకోవాలి. లెట్టీ మిఠాయి అంగడిలో చేరాలి. చిన్నది మార్తా మంత్రవిద్య అభ్యసించాలి.

చెల్లెళ్ళిద్దరూ ఈ తీర్పును శిరసావహించలేదు. విద్యపై మక్కువ గల లెట్టీ, పెళ్ళి చేసుకుని పదిమంది బిడ్డలను కనాలని కలలుగనే మార్తా మంత్రబలంతో రూపాలు మార్చుకుని, ఒకరి స్థానంలోకి మరొకరు వెళ్ళిపోతారు. సోఫీ మాత్రం జీతం సైతం అడగకుండా రాత్రింబవళ్ళు టోపీలు కుడుతూనే ఉంటుంది. ఆ విషయాన్ని మార్తా ఎత్తిచూపేవరకు అది అన్యాయమన్న ఊహే ఆమెకు కలగదు.

అటువంటి సోఫీని ఒక మంత్రగత్తె పండు ముసలిగా మార్చివేస్తుంది. తన శాపం సంగతి ఎవరికీ చెప్పుకునే వీలు కూడా ఉండదు. విచిత్రమేమిటంటే, వృద్ధాప్యం ఆమెకు ధైర్యాన్నిస్తుంది. ఇల్లు విడిచి, హౌల్ అనే మాంత్రికుని కదిలే కోటలో చొరబడి, కాల్సిఫర్ అనే అగ్నిభూతంతో ఒప్పందం కుదుర్చుకుంటుంది. నిర్భయంగా మాట్లాడటం నేర్చుకుంటుంది. ఆమె మాటకు వస్తువులలో ప్రాణం పోసే శక్తి మొదటినుండీ ఉన్నదని పాఠకునికి క్రమంగా బోధపడుతుంది. శాపం తొలగించడానికి తాను రహస్యంగా ప్రయత్నించానని, ఆ మారువేషం సోఫీకే ఇష్టమేమోనన్న నిర్ణయానికి వచ్చానని హౌల్ ఒకచోట అంటాడు. నవలకు ఆయువుపట్టు ఈ ఘట్టమేనని నా అభిప్రాయం.

మోటారు నేమ్‌ప్లేటుపై సామర్థ్యం ముద్రించే ముందు దానిని పరీక్షించడం మా వృత్తిధర్మం. పిల్లల విషయంలో ఆ ఓపిక మనకు ఉన్నదా? “పెద్దది సర్దుకుపోతుంది”, “చిన్నదే తెలివైనది” అనే మాటలు మనం ప్రేమతోనే అంటాం. ఫ్యానీ కూడా దుష్టురాలు కాదు. అయినప్పటికీ ఆ మాటలను నమ్మిన పిల్ల తన పైచదువును తానే వదులుకుని, అది తన ఇష్టమేనని చెబుతుంది.

హయావో మియజాకి 2004లో ఈ నవలను యానిమేషన్ చిత్రంగా రూపొందించారు. చిత్రం రమణీయమే కాని అందులో మార్తా లేదు. అక్కచెల్లెళ్ళ కథకు అక్కడ చోటు స్వల్పం. కనుక మూలాన్నే చదవడం ఉత్తమం. భాష సరళమైనది, ఉన్నత పాఠశాల విద్యార్థులకు అందుబాటులోనే ఉంటుంది. రాబోయే సెలవులలో తల్లిదండ్రులు కూడా పిల్లలతో కలిసి చదివి, తమ ఇంటి సోఫీ ఏమి కోరుకుంటున్నదో ఒకసారి అడిగి తెలుసుకోగలరని మనవి.