రహదారిపై దిగిన సామాను విమానము



చీరాలకు పడమటి దిక్కున, అద్దంకి సమీపమున, 16వ జాతీయ రహదారిలో 4.1 కిలోమీటర్ల పొడవును, 33 మీటర్ల వెడల్పును గల కాంక్రీటు బాట యొకటి కలదు. 2024 మార్చి 18వ తేదీన భారత వాయుసేనవారు దానిని పరీక్షించిరి. యుద్ధవిమానములు నేల నంటక పైనుండియే సాగిపోయినవి. సామాను మోయు ఆంటొనోవ్-32, డోర్నియర్ విమానములు మాత్రము దిగి, మరల లేచినవి.

ఆంటొనోవ్-32 ఉక్రెయిన్ దేశపు కీవ్ నగరమున రూపొందినది. 1976లో మొదట నెగిరెను; 1984 నుండి మన సేనలో నున్నది. ఎండవేడిమిచేతను, ఎత్తుచేతను గాలి పలుచనగు చోట్ల విమానమునకు పట్టు తగ్గును. అందువలన దీనికి ఒక్కొక్కటి సుమారు 5,000 అశ్వశక్తి గల రెండు ఇంజనుల నమర్చిరి. అవి రెక్కలపైన నుండుటచే పెద్ద పంకాలు నేలకు తగులవు. దుమ్ము, గులకరాళ్లు లోనికి పోవుట తగ్గును. వెనుకతలుపు క్రిందికి వాలి ఏటవాలు బల్లయగును. దాని మీదుగా సామాను నెక్కింతురు.

ధాన్యపు బస్తాలు మోసిన బండికే గూడు కట్టి పెండ్లివారిని తీసికొనిపోవుట మన మెరిగినదే. ఇదియు నట్టిదే. ఒకనాడు ఆరుటన్నులకు పైబడిన సరకు; మరియొకనాడు 42 మంది పారచూటు సైనికులు; వేరొకనాడు స్ట్రెచ్చర్లపై 24 మంది క్షతగాత్రులు. అడవిమంటల నార్పుటకై ఎనిమిది టన్నుల నీటిని మోసి కుమ్మరించు ప్రత్యేకరూపమును గూడ ఉక్రెయిన్‌వారు నిర్మించిరి.

ఈ సేవ అపాయరహితము కాదు. 2016 జులై 22న తాంబరమునుండి పోర్టుబ్లెయిరునకు బోవుచు ఇట్టి విమాన మొకటి 29 మందితో బంగాళాఖాతమున అదృశ్యమయ్యెను. వారిలో ఎనమండుగురు విశాఖపట్టణపు నౌకాదళ ఆయుధాగారపు ఉద్యోగులు. దాని శకలములు 3,400 మీటర్ల లోతున కానవచ్చినట్లు 2024 జనవరిలో ప్రకటింపబడెను.

1977 నవంబరు 19న ఘోరమగు తుపాను చీరాల చెంతనే తీరము దాటెను. అట్టి ఆపదలో దారులు తెగిన యెడల, ఆహారమును, మందులను, వైద్యులను తెచ్చుటకు సమీపమున దిగుచోటుండుట ఎంతటి మేలో పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆ మేలు మనకు దక్కవలెనన్న బాట నిర్మలముగా నుండవలెను. కావున దానిపై మిర్చి, మొక్కజొన్న ఆరబోయకుండునట్లును, పశువులు తిరుగకుండునట్లును గ్రామపెద్దలు చూడవలయును. విమానమును నడుపుట వాయుసేన పని. బాటను కాపాడుట మనపని.