పంగిడి గుట్టలపై నొకపూట

అగ్నిపర్వతపు రాతిని జూడవలెనన్న ద్వీపాంతరములకు బోవలెనని మన సోదరీమణులలో బెక్కండ్రు తలతురు. రాజమహేంద్రవరమున కావలియొడ్డున, కొవ్వూరునకు బడమట నున్న పంగిడి గుట్టల నల్లరాయి యట్టిదే. అయినను ఈ గుట్టలు నిప్పు గ్రక్కినవి కావు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట పడమటి కనుమల ప్రాంతమున భూమి బ్రద్దలై వెలువడిన ద్రవశిల, లోయల వెంట దాదాపు 1000 కిలోమీటర్లు పాఱి యిచ్చటికి జేరెనని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. నేటి గోదావరియు ఆ కనుమలలోనే పుట్టి మన కడకు వచ్చుచున్నది గదా!

మొన్న శీతకాలమున మేము నలుగురము స్త్రీలము పులిహోర మూటగట్టుకొని, 1974లో బ్రారంభమైన రోడ్డు రైలు వంతెన మీదుగా నావలికి బోయి, గనివారి యనుమతితో నొక పాత రాతిగని యంచున కెక్కితిమి. క్రింద నల్లరాయి, పైన నల్లరాయి, నడుమ తెల్లని సున్నపురాయి. అందు నత్తగుల్లలును ఆలుచిప్పలును శిలలై నిలిచియున్నవి. ఒక యగ్నిప్రవాహము చల్లారిన పిమ్మట నీరు చేరినది. ఆ నీట బ్రాణులు పెరిగినవి. మరల నింకొక ప్రవాహము వచ్చి కప్పినది. రెండు నిప్పుల నడుమ నింత జీవితము!

ఈ నల్లరాతిని గంకరగా గొట్టి రోడ్లకును ఇండ్లకును వాడుచున్నారు. కంకర వలదని మేమనము. అది మఱియొకచోటను దొరకును. ఈ గుల్లల పొర పోయిన మరల రాదు. ఒక్క గనియంచునైన జెక్కుచెదరక నిలుపుట మేలు.

పేలుళ్లు జరుగు గనుల దరి జేరకుడు. బిడ్డలను వెంటగొనిపోయి చూపుడు. గుల్లను మాత్రము పెఱికి తేకుడు.